శుక్రవారం కప్పులు, సోమవారం పరీక్ష

అక్టోబరు పదో తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు గెనోవెఫా నొప్పులకి వీపు మీద పెట్టే తన ఇరవై నాలుగు గాజు కప్పుల్ని చెక్కపెట్టెలో సర్ది, తాళం వేసి, తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది.

“ఎక్కడన్నా దాచెయ్. నేనడిగినా ఇవ్వకు.”

“ఎన్నాళ్ళు?” అన్నాడు జిగ్మంట్.

“ఇర్మీనాకి రెండో పరీక్ష అయ్యేదాకా.”

“నువ్వే వచ్చి బతిమాలితే?”

“ఈ నలభై ఆరేళ్ళలో ఎప్పుడన్నా బతిమాలానా నిన్ను?”

జిగ్మంట్ ఆలోచించాడు. లేదని ఒప్పుకున్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని వెనక షెడ్డులోకి వెళ్ళాడు.

అప్పటికే వంటింట్లో ఆరుగురు ఆడవాళ్ళు కోట్లు విప్పి కూర్చున్నారు. అందరూ రేవులో చేపల ఫ్యాక్టరీ మనుషులే. ఎంత సబ్బు పెట్టి తోమినా హెర్రింగ్ చేపల వాసన వదలని చేతులు. బల్ల మీద ఎవరు తెచ్చింది వాళ్ళు పెట్టారు. ఒకరు పొగబెట్టిన చేప, ఒకరు కాఫీ పొట్లం, ఒకరు ఊరబెట్టిన దోసకాయల సీసా. గెనోవెఫా ఎన్నడూ ఎవరినీ ఇంత అని అడగలేదు. తెచ్చినదాన్ని వద్దనీ అనలేదు.

“ఏంటి గేన్యా పిన్నీ, మా మొహానే తాళం వేస్తున్నావా?” అంది బొజేనా. ఫ్యాక్టరీలో డబ్బాలు మోసే మనిషి. నడుము నొప్పి, నోటి దురుసు రెండూ ఆమెకే ఎక్కువ.

“వేశాను. లేచి ఇళ్ళకి పొండి.”

“మేమేం పాపం చేశాం? తప్పు చేసింది అది.” బొజేనా గడ్డంతో మూల స్టూలు వైపు చూపించింది.

మూల స్టూలు మీద ఇర్మీనా కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ ఉదయమే వచ్చిన ఉత్తరం. ఇర్మీనా ఎప్పుడూ ఏమీ అనదు.

“తప్పు దానిది కాదు, నాది” అంది గెనోవెఫా. “పెడితే అందరికీ పెడతా. దీన్ని ఇక్కడ కూర్చోబెట్టి మీ వీపులు చూపిస్తూ ఊరించలేను. దానికి లేనన్నాళ్ళు ఎవరికీ లేదు. పొండి.”

తెచ్చినవి తెచ్చినట్టే పట్టుకుని వెళ్ళిపోయారు. బొజేనా కాఫీ పొట్లం కూడా వదల్లేదు.

*

గెనోవెఫాకి డెబ్బై ఒకటి. మా రేవులో అందరికీ గేన్యా. చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు మాత్రం గేన్యా పిన్ని. ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా చేసింది. బెడ్‌పాన్లు కడిగింది, నేల తుడిచింది, చచ్చిపోయినవాళ్ళ కళ్ళు మూసింది. కప్పులు మాత్రం తల్లి దగ్గర నేర్చుకుంది. పెట్టె తల్లిదే. లోపల పరిచిన ఎర్ర మఖమలు ఇప్పుడు గోధుమరంగుకి తిరిగింది. ఆస్పత్రి వరండాలో డాక్టర్లు ఆ పెట్టె మీద జోకులేసేవాళ్ళు. అదే డాక్టర్లు మెడ పట్టేసినప్పుడు దుప్పట్లు భద్రపరిచే గదిలోకొచ్చి చొక్కా విప్పి బోర్లా పడుకునేవాళ్ళు. గెనోవెఫా వాళ్ళకీ పెట్టింది. వాళ్ళ జోకుల్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

పని చూడ్డానికి తేలిక. ఇనప కడ్డీ కొసకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిండి, వెలిగిస్తుంది. ఆ మంటని కప్పులో అరక్షణం తిప్పి తీసి, కప్పుని వీపు మీద బోర్లిస్తుంది. చర్మం పొంగిన పిండిలా కప్పులోకి లేస్తుంది. పావుగంట ఉంచి, అంచు దగ్గర వేలితో నొక్కితే టక్కుమని ఊడి వస్తుంది. గుండ్రటి మచ్చ మిగులుతుంది. అది ముందు ఊదారంగు, నాలుగు రోజులకి గోధుమరంగు, పది రోజులకి పసుపు. వెన్నెముక మీద పెట్టదు. పుట్టుమచ్చ మీద పెట్టదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకి అసలు పెట్టదు, ఎంత ఏడ్చినా. మచ్చ ఎంత నల్లగా వస్తే అంత రోగం బయటికొచ్చినట్టని ఊళ్ళో అందరూ నమ్ముతారు. గెనోవెఫా నమ్మదు.

“నొప్పి తగ్గుతుంది. రోగం తగ్గదు” అంటుంది. “మూడు రోజులు. మహా అయితే నాలుగు. ఆ తర్వాత నీ భుజం నీదే.”

ఆమె గట్టిగా పట్టుకునే నియమం ఒకటుంది. కప్పులు పెట్టించుకున్నాక రెండు రోజులు ఇల్లు కదలకూడదు. దుప్పటి కింద పడుకోవాలి, కోరిందపండు పాకం కలిపిన వేడి టీ తాగాలి. గాలి తగలకూడదు. మాకిది కొత్త కాదు, అందరి అమ్మలూ ఇదే చెప్పారు. కానీ చేపల ఫ్యాక్టరీలో పనిరోజుల్లో రెండు రోజులు ఎవరిస్తారు? అందుకే శుక్రవారం. షిఫ్టు దిగి నేరుగా వస్తారు. శని, ఆదివారాలు మంచంలో ఉంటారు. సోమవారం ఉదయం ఆరింటికి మళ్ళీ చేపల ముందు నిలబడతారు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఫ్యాక్టరీ యజమాని ఎప్పుడూ చూడని ఆ వంటింట్లో అతని పనివాళ్ళు వారం వారం మరమ్మతు చేయించుకుని వెళ్ళారు.

ఇర్మీనా వాళ్ళలో పాతది. వయసు యాభై ఆరు. ఇరవై ఏడేళ్ళుగా కుడిచేత్తో కత్తి పట్టుకుని చేపలు చీల్చింది. ఐసు నీళ్ళలోంచి చేప తియ్యి, తల కొయ్యి, పొట్ట చీల్చు, వెన్ను తియ్యి, పక్కకి విసురు. పక్కకి విసిరే ఆ విసురే భుజాన్ని తినేసింది. మొగుడు పోయి ఆరేళ్ళు. అతని చొక్కాలే వేసుకుంటుంది, ప్రేమ కొద్దీ కాదు. ముందు బొత్తాలుంటాయి కాబట్టి చెయ్యి ఎత్తక్కర్లేదు. నడుం దాకా ఉండే జుట్టుని కిందటేడు తనే కత్తిరించుకుంది. దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదు మరి.

భుజానికి స్కాన్ ఫోటో తీస్తే తేలింది. భుజంలో కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు సగానికి పైగా చినిగిపోయింది. ఆస్పత్రి డాక్టరు ఆరు నెలలు సెలవు రాశాడు. సెలవు అయిపోవచ్చింది. ఇక ఉన్నది ఒకటే దారి. పని చేయలేనని పింఛను ఆఫీసు డాక్టరు రాసివ్వాలి. రాసిస్తే ఇంట్లో కూర్చోవచ్చు. రాయకపోతే కత్తి పట్టుకోవాలి. మధ్యలో ఇంకేమీ లేదు.

ఆ పరీక్ష అక్టోబరు ఆరున పడింది. సోమవారం.

*

మూడో తేదీ శుక్రవారం ఇర్మీనా అందరితోపాటు వచ్చింది.

“పిన్నీ, సోమవారం డాక్టరు ముందు నిలబడాలి. కాస్త ఒళ్ళు వంగేలా చెయ్యి. స్వెట్టరు విప్పడానికి అక్కడ ఇంకొకళ్ళ సాయం అడగాలంటే సిగ్గు నాకు.”

గెనోవెఫా మరో ఆలోచన చేయలేదు. పదకొండు కప్పులు పెట్టింది. భుజం చుట్టూ ఆరు, రెక్క మీద ఐదు. మెడ కింద నూనె రాసి అరచేత్తో మర్దనా చేసింది. “నిటారుగా నిలబడవే. భయపడకు. వాళ్ళూ మనుషులే” అని కూడా అంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు నూరుతుంది.

ఇర్మీనా రెండు రోజులు మంచం దిగలేదు. ఆదివారం సాయంత్రం పక్కింటావిడ వచ్చి జుట్టు సర్ది పెట్టింది. సోమవారం కొత్త స్వెట్టరు వేసుకుంది. మెడ బిగుతుగా ఉండేది, తల మీంచి తొడగాల్సినది. తొడుక్కోగలిగింది. పెద్ద ఊరికి బస్సులో వెళ్తూ ఏడాదిలో మొదటిసారి కుడిచేత్తో పైనున్న కమ్మీ పట్టుకుంది.

పరీక్ష ఏడు నిమిషాల్లో అయిపోయింది.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. స్వెట్టరు తియ్యమన్నాడు. తనే తీసింది. వీపు తిప్పమన్నాడు. పదకొండు గుండ్రటి మచ్చలు చూసి నవ్వాడు. “మా బామ్మ కూడా పెట్టేది. బాగా పనిచేస్తాయి కదూ?” అన్నాడు. “చేస్తాయండీ” అంది ఇర్మీనా. చెయ్యి పక్కకి ఎత్తమన్నాడు. ఎత్తింది. ఇంకా అన్నాడు. ఇంకా ఎత్తింది. చెమటలు పట్టాయి, పెదవి కొరుక్కుంది, అయినా ఎత్తింది. డాక్టరు చెప్పాడు కాబట్టి. నూట ముప్పై డిగ్రీలని రాసుకున్నాడు. బల్ల మీద ఆమె తెచ్చిన ఫైలు ఉంది. లోపల భుజం ఫోటో ఉంది. ఆ ఫైలు తెచ్చినట్టే తాడు ముడితో ఉంది. వెళ్ళేటప్పుడు అదే ముడితో తిరిగి ఆమె చేతికిచ్చాడు.

నాలుగు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. గెనోవెఫా కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

“‘దరఖాస్తుదారు సహాయం లేకుండా దుస్తులు తొలగించుకొనగలరు. భుజ చలనం స్వల్పంగా మాత్రమే పరిమితం. పని చేయుటకు అర్హురాలు.’ ” కళ్ళజోడు తీసింది. “ఎవరు ఎత్తమన్నారే అంత పైకి?”

“డాక్టరు ఎత్తమన్నాడు పిన్నీ.”

“ఎత్తమంటే ఎత్తేస్తావా? నొప్పి ఉందని నోరు తెరిచి చెప్పలేకపోయావా?”

“అడగలేదు.”

“అడగలేదా! గుర్రాన్ని కొనేవాడైనా పళ్ళు చూసి, కుంటుతోందా అని అడుగుతాడు కదే!”

“కప్పులు పనిచేస్తాయా అనడిగాడు. చేస్తాయన్నాను. నీ మాట పోకూడదు కదా.”

గెనోవెఫా ఆ ఉత్తరాన్ని బల్ల మీద పడేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. చాలాసేపు వెనక్కి తిరగలేదు. జిగ్మంట్ సూపు తాగుతూ చెంచా ఆపాడు. ఆమె వీపు అలా బిగుసుకుంటే ఎవరైనా చెంచా ఆపాల్సిందే.

“రెండు వారాల్లో అభ్యంతరం రాసుకోవచ్చట” అంది చివరికి. “ముగ్గురు డాక్టర్లు చూస్తారట. రాద్దాం.”

“రాసినా మళ్ళీ ఇంతే కదా.”

“ఇంతే కాదు. ఇప్పట్నుంచి నీకు కప్పులు లేవు. మర్దనా లేదు. నా వంటింట్లో నీకు టీ తప్ప ఇంకేం లేదు. వాళ్ళు ఏ రోజు పిలిస్తే ఆ రోజు ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్ళు.”

“నటించమంటావా?”

“నటించమన్నానా? ముందు నటించింది ఎవరే? స్వెట్టరేసుకుని, జుట్టు సర్దుకుని, బాగున్నానని చూపించింది ఎవరు? నువ్వూ నేనూ కలిసి నాటకం ఆడాం. ఇప్పుడు ఆపేద్దామంటున్నా.”

వంటింటి గుమ్మానికి కుడివైపు చెక్క మీద పెన్సిలు గీతలున్నాయి. ఇద్దరు కొడుకులు పొడుగెదుగుతున్నప్పటివి కొన్ని. వాటి పక్కన ఇర్మీనావి. శుక్రవారం కప్పులకు ముందు చెయ్యి ఎంతవరకు లేచిందో ఒక గీత, తర్వాత ఎంతవరకో ఒక గీత. గెనోవెఫా ఆమెను అక్కడ నిలబెట్టి చెయ్యి ఎత్తమంది. వేళ్ళు భుజం ఎత్తుకి కూడా రాలేదు. అక్కడ కొత్త గీత గీసి, పక్కన ‘10’ అని తేదీ వేసింది. తర్వాత కప్పుల పెట్టె తీసింది.

*

పదమూడున ఇర్మీనా మళ్ళీ పనిలో చేరింది. చేరక తప్పదు. అర్హురాలని కాగితం ఉంది కదా.

కత్తి ఎడమచేతికి మార్చుకుంది. ఎడమచేత్తో గంటకి సగం చేపలు కూడా కావు. సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి గడియారం చూసుకుని వెళ్ళాడు. మూడోరోజు కుడిచేతికి తిరిగి వచ్చింది. వారం తిరిగేసరికి కత్తి పట్టుకున్న వేళ్ళు మధ్యాహ్నానికి మొద్దుబారిపోయేవి. పంతొమ్మిదో తేదీ ఆదివారం, ప్రార్థన అయ్యాక, చర్చి నుంచి నేరుగా గెనోవెఫా ఇంటికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“పిన్నీ, ఒక్కసారి. నాలుగు చాలు.”

“కూర్చో. టీ తాగు.”

“టీ కాదు. మూడు కప్పులు. ఎవరికీ చెప్పను.”

“పొయ్యిమీద సూపుంది, పోసివ్వనా?”

“నిద్రపట్టి తొమ్మిది రోజులైంది. బట్టలు ఆరేయలేకపోతున్నా. మచ్చలు పోవడానికి ఇంకా టైముంది కదా. వాళ్ళకేం తెలుస్తుంది?”

“వాళ్ళకి తెలియడం కాదే పిచ్చిమొహమా!” గెనోవెఫా గొంతు లేచింది. “కప్పు పెడితే చెయ్యి లేస్తుంది. చెయ్యి లేస్తే మళ్ళీ ఎత్తుతావు. ఎవడు ఎత్తమన్నా ఎత్తుతావు నువ్వు. నీ గురించి నాకు తెలీదా? పింఛను పోతే అరవై దాకా ఆ కత్తి పట్టుకోవాలి. అప్పటికి చెయ్యి ఉండదు. అప్పుడేం పెట్టను? నీ నెత్తిమీద పెట్టనా కప్పు?”

“నీకు దయ లేదు.”

“లేదు. ఉన్నదంతా ఆ శుక్రవారం అయిపోయింది.”

ఇర్మీనా టీ ముట్టకుండా లేచి వెళ్ళింది. ఆమె గేటు దాటిందో లేదో గెనోవెఫా షెడ్డులోకి వచ్చింది. జిగ్మంట్ వలకి ముళ్ళు వేస్తున్నాడు.

“ఏవయ్యా, తాళంచెవి ఎక్కడ పెట్టావు?”

“మేకుల డబ్బాలో.”

“ఏ డబ్బా?”

షెడ్డులో మేకుల డబ్బాలు పద్దెనిమిది ఉన్నాయి. జిగ్మంట్ ముడి వేయడం ఆపలేదు. “నువ్వడిగినా ఇవ్వొద్దన్నావు కదే ముసలీ.”

“అన్నాను” అంది గెనోవెఫా. ఒక డబ్బాని కాలితో తన్ని లోపలికి వెళ్ళిపోయింది. మేకులు నేలంతా పడ్డాయి. జిగ్మంట్ వాటిని ఏరుకుంటూ ఉండిపోయాడు.

అక్టోబరు చివరి వారంలో బొజేనా మందుల షాపులో రబ్బరు కప్పులు కొనుక్కుంది. నిప్పు అక్కర్లేదు, నొక్కి వదిలితే పట్టుకుంటాయి. శుక్రవారం షిఫ్టు దిగాక వాటిని తన ఇంట్లో ఒకరి వీపు మీద ఒకరు పెట్టుకున్నారు. ఒకామెకు బొబ్బలెక్కాయి. అయినా ఎవరూ ఆపలేదు. ఇర్మీనాని కూడా రమ్మన్నారని గెనోవెఫాకి తెలిసింది. కోటు వేసుకుని బొజేనా ఇంటికి వెళ్ళింది. తలుపు కొట్టలేదు, తోసింది.

“దాని వీపు మీద ఒక్క మచ్చ కనబడిందంటే ఆ రబ్బరు ముక్కలు నీ చేత మింగిస్తా.”

“రావే పిన్నీ, కాఫీ తాగుతావా?” అంది బొజేనా సోఫాలోంచి లేవకుండా. వీపుకి ఇంకా మూడు కప్పులు వేలాడుతున్నాయి. “రాలేదు అది. నేను పిలిచాను. ‘పిన్ని వద్దంది’ అని వెళ్ళిపోయింది. నీ మాటంటే దానికి చర్చి ఫాదరు మాట కంటే ఎక్కువ. అందుకే దాని బతుకు అలా ఉంది.”

గెనోవెఫా లోపలికొచ్చి, బొజేనా వీపు మీద వంకరగా పెట్టిన మూడు కప్పుల్నీ ఊడదీసింది.

“వెన్ను మీద ఎవరు పెట్టమన్నారే? గాడిదా. ఇక్కడ పెట్టాలి. ఇక్కడ.” బొటనవేలితో రెండు చోట్ల గట్టిగా పొడిచి చూపించింది.

“అబ్బా! చంపుతావా?”

“అబ్బా అను. డాక్టరు ముందు కూడా అను. మీలో ఎవరికీ రాదు ఆ మాట.”

నవంబరు ఒకటిన ఊరంతా శ్మశానంలో ఉంది. మా దగ్గర ఆ రోజు సమాధులు కడిగి, పువ్వులు పెట్టి, దీపాలు వెలిగిస్తారు. ఇర్మీనా మొగుడి సమాధి రాయిని ఎడమచేత్తో తోముతోంది. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. బయటికి వేలాడితే బరువు లాగుతుందట. గెనోవెఫా ఆమె చేతిలోంచి బ్రష్షు లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని, తన వంకర వేళ్ళతో ఆ రాయిని రుద్దింది. లేచేటప్పుడు గెనోవెఫాకి మోకాలు పట్టేసింది. ఇర్మీనా ఎడమచెయ్యి అందించింది.

“పరీక్షకి ఇంకా నాలుగు రోజులు” అంది గెనోవెఫా.

“తెలుసు” అంది ఇర్మీనా.

*

నవంబరు ఐదున ఇద్దరూ బస్సెక్కారు. ఇర్మీనా మొగుడి చొక్కా వేసుకుంది, బొత్తాలున్నది. జుట్టు ఎవరూ సర్దలేదు. గుమ్మం చెక్క మీద చివరి గీత, ‘4’ తేదీది, అన్నిటికంటే కింద ఉంది.

గెనోవెఫాని లోపలికి రానివ్వలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద నవ్వుతున్న ముసలి జంట బొమ్మ ఉంది. దాన్ని చూస్తూ చేతిసంచీ పట్టీని మెలితిప్పుతూ ఉంది.

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో తల నెరిసిన ఆవిడ, ఆమెకు అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ళు. చొక్కా విప్పమన్నారు. ఇర్మీనా ఒంటిచేత్తో బొత్తాలు తీసుకుంది. కుడిచేతి మీంచి చొక్కా జారకపోతే మునివేళ్ళతో లాక్కుంది. దానికే చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు, ఆమె అడగలేదు. చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తింది. ఆగిపోయింది.

కుడివైపు డాక్టరు కాగితం తిరగేశాడు. “నెల క్రితం నూట ముప్పై అని ఉంది. ఇప్పుడు ఇంతేనా? నెలలో సగానికి పడిపోయిందా?” ఎడమవైపు ఆయన వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. “చూడండమ్మా, ఇలాంటివి మేము చాలా చూస్తాం.”

ఇర్మీనా ఊరుకుంటుందనే ఎవరైనా అనుకుంటారు. ఆమెకి ఊరుకోవడం అలవాటు.

వరండాలో ఉన్న గెనోవెఫాకి తలుపు మూసి ఉన్నా వినబడింది. ఇరవై ఏళ్ళలో ఆ గొంతు అంత పైకి లేవడం ఆమె వినలేదు.

“నాటకం అనుకుంటున్నారా? నాటకం అప్పుడాడాను! మీ ముందు మనిషిలా నిలబడాలని శుక్రవారం కప్పులు పెట్టించుకున్నాను. రెండు రోజులు మంచం దిగలేదు. కొత్త స్వెట్టరు వేసుకున్నాను. ఒక్క రోజు బాగుండాలని అంతా చేశాను, ఆ ఒక్క రోజే మీరు చూశారు. ఎత్తమంటే ఎత్తాను. నొప్పుందా అని ఆయన అడగలేదు. నా చేత స్వెట్టరు విప్పించాడు, ఫైలు మాత్రం విప్పలేదు. అదిగో మీ ముందుంది, ఇప్పుడన్నా విప్పండి! అందులో నా భుజం ఉంది. నెల్లాళ్ళుగా ఈ చేత్తోనే చేపలు కోస్తున్నా. రండి, మీరొచ్చి ఒక్క షిఫ్టు కొయ్యండి!”

తల నెరిసిన ఆవిడ ఫైలు దగ్గరికి లాక్కుంది. తాడు ముడి గోరుతో విప్పడానికి చూసి, రాకపోతే కత్తెర తీసుకుని కత్తిరించింది. ఫోటోని కిటికీ వెలుతురుకి పట్టింది. పక్కాయనకి అందించింది. ఆయన కనుబొమ్మలు కిందికి దిగాయి.

“కప్పులు ఎన్నాళ్ళు పనిచేస్తాయి?” అనడిగింది ఆవిడ.

“మూడు రోజులండీ. నాలుగో రోజుకి మళ్ళీ మామూలే.”

“పరీక్ష మూడో రోజున పడింది.”

“అవునండీ.”

“ఆఖరిసారి ఎప్పుడు పెట్టించుకున్నారు?”

“అప్పుడే. తర్వాత మా పిన్ని పెట్టనంది.”

ఆవిడ లేచి వచ్చి, కొలబద్ద భుజానికి ఆనించి, తనే కొలిచింది. చెయ్యి నిటారుగా చెవికి ఆనితే నూట ఎనభై. భుజం ఎత్తుకి వస్తే తొంభై. ఇర్మీనాది డెబ్బై.

బయటికొచ్చాక ఇర్మీనా చొక్కా పై రెండు బొత్తాలూ గెనోవెఫా పెట్టింది.

“అరిచావు” అంది.

“అరిచాను.”

“ముందే అరిచి ఉంటే నాకు ఈ నెల నిద్ర ఉండేది.”

“నీకేం పిన్నీ, నిద్రలేనిది నాకు.”

“నోర్ముయ్. బస్సు పోతుంది, పద.”

*

ఏడో తేదీ శుక్రవారం. గెనోవెఫా షెడ్డుకి వెళ్ళే పని లేకపోయింది. జిగ్మంట్ భోజనం బల్ల దగ్గరే జేబులోంచి తాళంచెవి తీసి రొట్టె పక్కన పెట్టాడు. మేకుల డబ్బాలో ఎప్పుడూ పెట్టలేదు.

“నన్ను పద్దెనిమిది డబ్బాలు వెతకనిచ్చేవాడివా?” అంది.

“ఒకటి తన్నావు. మిగతావి కూడా తంతావని చూశా.”

మూడు గంటలకి ఆడవాళ్ళు వచ్చారు. బొజేనా కాఫీ పొట్లం తిరిగి తెచ్చింది. అదే పొట్లం, మూతి తెరిచి ఉంది, కాస్త తగ్గింది. రబ్బరు కప్పులు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు. ఇర్మీనాని ముందు పడుకోబెట్టారు. పదకొండు కప్పులు. మొదటి కప్పు పట్టుకున్నప్పుడు ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. గుమ్మం దగ్గర నిలబెట్టి గీత గీయలేదు గెనోవెఫా. ఇక ఆ గీతలు చూడాలని లేదు.

పదిహేడున ఉత్తరం వచ్చింది. పాక్షికంగా పని చేయలేరని రాశారు. పింఛను ఇస్తామన్నారు, ఒక్క ఏడాదికి. ఆ తర్వాత మళ్ళీ పరీక్ష.

ఇర్మీనా ఏడ్చింది, సంతోషంతో. గెనోవెఫా ఉత్తరాన్ని రెండోసారి చదివింది, మూడోసారి చదివింది.

“ఏడాదికా? చినిగిన భుజం ఏడాదిలో అతుక్కుంటుందా? వచ్చే ఏడాది ఇంకో కుర్ర డాక్టరు వస్తాడు. వాడూ ఫైలు ముడి విప్పడు.”

“పోనీలే పిన్నీ, ఏడాది దొరికింది.”

“నీ పోనీలేతోనే వచ్చింది ఇదంతా.”

వంటింటి గోడకి వచ్చే ఏడాది క్యాలెండరు అప్పటికే వేలాడుతోంది. చర్చి వాళ్ళు ముందే ఇచ్చారు. గెనోవెఫా పెన్సిలు తీసుకుని సెప్టెంబరు పేజీ తిప్పింది. పరీక్షకి పిలుపు అక్టోబరు చివర్లో వస్తుంది. మచ్చలు పూర్తిగా పోవడానికి రెండు వారాలు కావాలి. భుజం తన అసలు స్థితికి రావడానికి నాలుగు రోజులు చాలు. కానీ ఈసారి ఆమె ఎవరినీ నమ్మదలచుకోలేదు. సెప్టెంబరు ఇరవై ఐదు, శుక్రవారం. ఆ గడిలో అడ్డంగా గీత కొట్టింది. ఆ రోజు పెట్టెకి మళ్ళీ తాళం పడుతుంది.